హోమ్‌లో పని చేస్తానంటే అంత భయమెందుకమ్మా?

ప్రశ్న: మా అమ్మాయి సైకాలజీతో డిగ్రీ చేసింది. ఎమ్మెస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చదివి, ఇల్లూ వాకిలీ లేని ఆడవాళ్లు, మత్తు మానుకుంటున్న తల్లులు పిల్లలతో ఉండే హోమ్‌లో పని చేస్తానంటోంది. దానికంటే ఆన్‌లైన్ కౌన్సెలింగ్ కోర్సు నయం కదా? రెండింట్లో ఏది మంచిదో చెప్పండి.
– ఒక తల్లి, నిజామాబాద్

జవాబు: అమ్మా, అడిగింది కోర్సు గురించే గానీ మీ టెన్షన్ వేరు. తాగుబోతు ఆడవాళ్ల మధ్య మా పిల్లేంటి, రేపు సంబంధాలు వస్తాయా అని. ఇలాంటి ఉత్తరాలు చాలా చూశాను. మీది నిజామాబాదే కాబట్టి అడుగుతున్నా, 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగి అది దొరక్కపోయేసరికి, చేతులు వణుకుతూ, ఫిట్స్‌తో మీ ఊరి ఆసుపత్రికి ఎంతమంది వచ్చారో గుర్తులేదా? పొద్దంతా కూలి చేసి సాయంత్రం ఒక సీసా తాగేవాళ్లకు అందులో ఆల్ప్రజోలం అనే మత్తుమందు ఉందని ఎవరు చెప్పారు? వాళ్లను పట్టుకుని అంత మాట అనుకోవడం తప్పమ్మా.

ఆసుపత్రిలో మత్తు దిగుతుంది, సరే. డిశ్చార్జి అయ్యాక, ఇల్లే లేని మనిషి పిల్లల్ని తీసుకుని ఎక్కడికి పోవాలి, మళ్లీ ఆ కల్లు దుకాణం పక్కకేనా? ఆ మధ్యకాలం గడవడానికే ఇలాంటి హోమ్‌లు. ఈ దారిలోకి వెళ్లిన ఒక విద్యార్థిని ఫీల్డ్‌వర్క్ నోట్‌బుక్ నాకు చూపించింది. ఒక పేజీ అంతా బ్యాంకు గొడవే, ఖాతా కోసం ఒక తల్లిని మూడుసార్లు తీసుకెళ్తే అడ్రస్ ప్రూఫ్ లేదని మూడుసార్లూ తిప్పి పంపారు. కింద ఒక్క లైను: 'బాబు దిండు కింద మళ్లీ రెండు చపాతీలు.'

ఇక మీరు చెప్పే ఆన్‌లైన్ కోర్సు. మూడు నెలల సర్టిఫికెట్ చేతికి రాగానే ఇన్‌స్టాలో సైకాలజిస్ట్ అని బోర్డు పెట్టేస్తున్నారు, నాకు నిజంగా భయమేస్తోంది. క్లినికల్ సైకాలజిస్ట్ అవ్వాలంటే ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉండాలి, వీటితో అది రాదు. ఫీజు కట్టి కూర్చున్న పిల్లలు తర్వాత నా దగ్గరికే వస్తున్నారు.

ఎమ్మెస్‌డబ్ల్యూ రెండేళ్లు. హైదరాబాద్‌లో రోడా మిస్త్రీ కాలేజీలో ఉంది. తర్వాత బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో సైకియాట్రిక్ సోషల్ వర్క్ దాకా వెళ్లొచ్చు. హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే సఖి కేంద్రాలు, కష్టాల్లో ఉన్న ఆడవాళ్లకు ఆశ్రయమిచ్చే శక్తి సదన్‌లు, డీఅడిక్షన్ సెంటర్లలో ఉద్యోగాలుంటాయి. జీతం మొదట్లో తక్కువే, చాలావరకు కాంట్రాక్టే, దాచను. కానీ మీ అమ్మాయి చెడిపోదు, ఒంటరిగానూ ఉండదు, వార్డెన్, నర్సు, సీనియర్లు పక్కనే ఉంటారు.

ఫీజు కట్టేముందు రెండు వారాలు వాలంటీర్‌గా పంపండి. వాళ్లు ఒప్పుకుంటే ఒక మధ్యాహ్నం మీరూ వెళ్లి, అక్కడి ఆడపిల్లలకు జడలేసి రండి. ఆ తర్వాత నాకు మళ్లీ రాయండి.