ఆడిటర్ ఆఫీసులో 9 వేల ఉద్యోగమా, 55 వేల ఏఐ కోర్సా?

ప్రశ్న: మా అమ్మాయి బీకాం కంప్యూటర్స్ పాసైంది. గుంటూరులో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో నెలకు 9 వేలకు రమ్మంటున్నారు. రోజంతా ఎక్సెల్ పనేనట. ఏఐ వచ్చాక ఆ పనులన్నీ పోతాయని అందరూ అంటున్నారు. మా తోడల్లుడి కొడుకు హైదరాబాద్‌లో కోపైలట్, చాట్‌జీపీటీ లాంటి వాటి మీద మూడు నెలల కోర్సు చేస్తున్నాడు. ఫీజు 55 వేలు. మా ఆవిడ గొలుసు తాకట్టు పెట్టయినా అమ్మాయిని చేర్పిద్దామనుకుంటున్నాం. రెండిట్లో ఏది మంచిది? – ఒక తండ్రి, నరసరావుపేట

జవాబు: ముందు ఆ గొలుసు బీరువాలో పెట్టేయండి.

మీరు కోర్సు గురించి అడిగారు గానీ మీ భయం వేరు. తొమ్మిది వేలకు చేరితే పిల్ల అక్కడే ఉండిపోతుందేమో, రెండేళ్లకు ఆ పని కూడా కంప్యూటరే చేసుకుంటుందేమో అన్నది మీ టెన్షన్. ఈ మధ్య నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రుల్లో చాలామంది మాట ఇదే. అందుకే ఆ ఆఫీసులో ‘ఎక్సెల్ పని’ అంటే ఏమిటో కాస్త వివరంగా చెప్తాను.

ప్రతి నెలా 14న జీఎస్టీ పోర్టల్‌లో జీఎస్టీఆర్-2బీ వస్తుంది. అమ్మినవాళ్లు రిటర్నుల్లో చూపించిన బిల్లులు అందులో ఉంటాయి. దాన్ని కొన్న వ్యాపారి రిజిస్టర్‌తో సరిచూడాలి. అందులో లేని బిల్లుకు ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నును తాను కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకునే వీలు) రాదు, ఆ డబ్బు వ్యాపారి జేబులోంచి పోతుంది. సరిచూడటం ఎక్స్‌లుకప్ (ఒక పట్టికలోని విలువను ఇంకో పట్టికలో వెతికి తెచ్చే ఎక్సెల్ ఫార్ములా) తెలిసినవాళ్లకు నిమిషాల పని. కానీ మన రిజిస్టర్‌లో బిల్లు నంబరు 45 అని, వాళ్లు 045 అని ఎక్కించారనుకోండి. లేదా జీఎస్టీ నంబరు చివర కంటికి కనబడని ఖాళీ ఒకటి మిగిలిందనుకోండి. బిల్లు ఉన్నా ఫార్ములా దొరకలేదనే చెబుతుంది. ట్రిమ్ అనే ఫార్ములా వాడి ఆ ఖాళీ తీసేయాలని తెలియాలి. జీఎస్టీ నంబరు 37తో మొదలైతే మన రాష్ట్రం, 36 అయితే తెలంగాణ. 36 పార్టీ బిల్లులో, వేరే రాష్ట్రానికి అమ్మితే వేసే ఐజీఎస్టీకి బదులు ఒకే రాష్ట్రంలో అమ్మితే వేసే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ కనబడితే ఆగి చూడాలనిపించాలి. తర్వాత పార్టీకి ఫోన్ చేసి మర్యాదగా అడగాలి. ఏడాది పాటు ఈ పని చేసిన అమ్మాయికి లెక్క ఎక్కడ తప్పుతుందో చూడగానే తెలుస్తుంది. ఆమె ఖాళీగా కూర్చోవాల్సి వస్తుందన్న భయం నాకు లేదు.

ఇక ఆ కోర్సు. దాని మీద నాకు నమ్మకం తక్కువ. కంపెనీల కోసం మైక్రోసాఫ్ట్ 365 కోపైలట్ (ఎక్సెల్, వర్డ్ లాంటి వాటిలో పనిచేసే ఏఐ) 2023 నవంబరులో వచ్చింది, అప్పట్లో ధర మనిషికి నెలకు 30 డాలర్లు. చిన్న ఆడిటర్ ఆఫీసు అంత పెట్టి కొంటుందా? పైగా అది మారుతూనే ఉంది, ఈరోజు నేర్పిన బటన్ రేపు ఇంకోచోట ఉంటుంది. 2025 ఆగస్టులో ఎక్సెల్ గడిలోనే రాసే కోపైలట్ ఫంక్షన్‌ను పరీక్షకు వదిలినప్పుడు, కచ్చితత్వం కావాల్సిన పనులకు దాన్ని వాడొద్దని మైక్రోసాఫ్టే చెప్పింది. పన్ను లెక్కల్లో కావాల్సింది ఆ కచ్చితత్వమే కదండీ! ఏఐ వద్దని నేననను. ఫార్ములా గుర్తు రాకపోతే అడగొచ్చు, ఈమెయిల్ ఇంగ్లిష్ సరిచేయించుకోవచ్చు. క్లయింటు లెక్కలు మాత్రం అందులో పెట్టకూడదు. ఈ మాత్రానికి 55 వేలు ఎందుకు?

ఒక మాట కటువుగానే చెప్తాను, ఏమనుకోకండి. మీ ప్రశ్నలో తోడల్లుడి కొడుకు ఉన్నాడు, గొలుసు ఉంది, ‘అందరూ’ ఉన్నారు. మీ అమ్మాయి ఏమంటోందో ఒక్క ముక్క లేదు. డిగ్రీ పాసైన పిల్ల, ఎవరి సిఫారసూ లేకుండానే ఉద్యోగం తెచ్చుకుందేమో. ఆ సంగతి కూడా మీరు రాయలేదు. చుట్టాల ముందు తొమ్మిది వేలని చెప్పుకోవడం మీకు చిన్నతనంగా ఉందేమో గానీ, ఆ చిన్నతనం ఆమె నెత్తిన పెట్టకండి.

చేరేలోపు ఇంట్లోనే సాధన చేయమనండి. లాప్‌టాప్‌లో ఎక్సెల్ లేకపోయినా గూగుల్ షీట్స్ ఉచితం, వెబ్‌లో ఎక్సెల్ కూడా ఉచితమే. ఎక్స్‌లుకప్ రెండిట్లోనూ ఉంది. అయితే ఆఫీసులో పాత ఎక్సెల్ 2016 గానీ 2019 గానీ ఉంటే అది పనిచేయదు. ఆ రెండిటికీ మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో సపోర్ట్ ఆపేసినా, చిన్న ఆఫీసులు వెంటనే మార్చవు. కాబట్టి అదే పని చేసే పాత ఫార్ములా వీలుకప్ కూడా రావాలి. దాని చివర ఫాల్స్ అని రాయకపోతే అది ఏదో దగ్గరి విలువ తెచ్చిపెట్టవచ్చు, తప్పని మనకు తెలియను కూడా తెలియదు. 16 అంకెల బ్యాంకు ఖాతా నంబరును మామూలు గడిలో కొడితే చివరి అంకె సున్నా అయిపోతుంది, ఎందుకంటే ఎక్సెల్ 15 అంకెలే నిలుపుకుంటుంది. ఆ కాలమ్‌ను ముందే టెక్స్ట్‌గా మార్చుకోవాలి. పివట్ టేబుల్ (పెద్ద జాబితాను మొత్తాల పట్టికగా కుదించేది) వచ్చాక పవర్ క్వెరీ మొదలుపెట్టమనండి. అది 2016 ఎక్సెల్‌లోనూ ఉంది. పన్నెండు నెలల ఫైళ్లు ఒక ఫోల్డర్‌లో ఉంచితే కలిపి ఒకే పట్టికగా ఇస్తుంది.

తొమ్మిది వేలు తక్కువే, కాదనను. అందుకే చేరే ముందు ఆడిటర్ గారిని ఒక మాట అడగాలి, అదీ మీరు కాదు, మీ అమ్మాయే అడగాలి: “సార్, 2బీ సరిచూసే పని నాకు ఎన్నో నెల నుంచి ఇస్తారు?” మూడు నాలుగు నెలల్లో అంటే సంతోషంగా పంపండి. ఏడాదంతా బిల్లులు ఎక్కించడమే అంటే ఇంకో ఆఫీసు చూసుకోమనండి. నరసరావుపేటలోనూ ఆడిటర్లు ఉన్నారు, బస్సు చార్జీలన్నా మిగులుతాయి.