మంచంలో రోగిని జరపడం, నర్సు నడుము నొప్పి

ప్రశ్న: పన్నెండేళ్లుగా సర్జికల్ వార్డులో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. మంచంలో కిందికి జారిపోయిన రోగులను పైకి జరిపినప్పుడల్లా నడుము పట్టేస్తోంది. శిక్షణలో చెప్పినట్టు మోకాళ్లు వంచి, నడుము నిటారుగా ఉంచే ఎత్తుతున్నాను. బెల్టు వాడితే ప్రయోజనం ఉంటుందా?

– ఒక పాఠకురాలు

జవాబు: బెల్టు ఇలాంటి గాయాలను నివారిస్తుందనడానికి తగిన ఆధారాలు లేవు. నొప్పికి మీ నేర్పులోని లోపమే కారణమని కూడా అనుకోకండి. మీరు నేర్చుకున్న పద్ధతి నేల మీది పెట్టెను ఎత్తడానికి సరిపోతుంది. రోగిని జరిపేటప్పుడు మంచం అంచు అడ్డుపడుతుంది, చేతులు చాచి ముందుకు వంగక తప్పదు, వంగినప్పుడే నడుమును పక్కకు తిప్పాల్సి వస్తుంది, ఈలోగా రోగి భయపడి మీ మెడ పట్టుకుంటే ఆ భారం ఒక్కసారిగా నడుము కింది డిస్కుల మీద పడుతుంది.

అమెరికా ప్రభుత్వ పరిశోధన సంస్థ నియాష్ 1991లో సవరించిన సూత్రం ప్రకారం, అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు ఎత్తదగిన బరువు 23 కిలోలు. రోగుల విషయంలో అది సుమారు 16 కిలోలు దాటకూడదని ఆ సంస్థ పరిశోధకుడు థామస్ వాటర్స్ 2007లో సూచించారు. వంద కిలోల మనిషి కాలు ఒక్కటే దాదాపు అంత తూగుతుంది. అందుకే ఎత్తడం మానేసి, జరపడం అలవాటు చేసుకోవాలి.

దీనికి స్లైడ్ షీట్ అనే నున్నటి నైలాన్ గుడ్డ కావాలి. ముందుగా మంచం చక్రాలకు బ్రేకులు వేసి, మంచాన్ని మీ నడుము ఎత్తుకు పెంచండి. రోగి పరిస్థితి అనుమతిస్తే తలవైపు భాగాన్ని దించండి. రోగిని పక్కకు తిప్పి షీటు పరిచాక, చెరొక వైపు ఒకరు నిలబడి, తలవైపు ఉన్న కాలును ముందుకు వేసి, లెక్కపెట్టి ఇద్దరూ ఒకేసారి ఒంటి బరువును వెనక కాలి నుంచి ముందు కాలికి మార్చండి. చేతులతో లాగాల్సిన పని చాలావరకు తగ్గుతుంది. చేయగలిగిన రోగిని మోకాళ్లు వంచి మడమలతో తన్నిపట్టమనండి. పని కాగానే షీటు తీసేయడం మరవకండి, లేదంటే రోగి మళ్లీ జారిపోతారు. కాళ్ల మీద బరువు మోపలేని వారిని కుర్చీలోకి మార్చడానికి హాయిస్ట్ (రోగిని పట్టీలతో ఎత్తి మార్చే యంత్రం) తప్పనిసరి. వీటిని సమకూర్చడం ఆసుపత్రి బాధ్యత కాబట్టి, నొప్పి వచ్చిన ప్రతిసారీ నర్సింగ్ సూపరింటెండెంట్‌కు రాతపూర్వకంగా తెలియజేయండి.

నొప్పి ఉందని రోజుల తరబడి మంచం పట్టకుండా, తేలికగా నడుస్తూ ఉండండి. అయితే కాలిలో బలం తగ్గినా, తొడల మధ్య తిమ్మిరి వచ్చినా, మూత్రం మీద అదుపు తప్పినా, డ్యూటీ ముగిసేదాకా ఆగకుండా వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లండి.