ఆ ప్రోబ్‌ని ఉత్త చేత్తో ముట్టుకోకే తల్లీ

చిట్టితల్లీ,

మీ అమ్మ రాత్రి ఫోన్ చేసి "అన్నయ్యా, నీ మేనకోడలు కాలేజీలో శాటిలైట్ చేస్తుందంట, పండక్కి కూడా రాదంట" అని ఒకటే గొడవ. నాకు ఛాతీ పొంగిపోయింది గానీ, లాంగ్మ్యూర్ ప్రోబ్, అదే, వోల్టేజ్ మారుస్తూ పైనున్న ఎలక్ట్రాన్ల వేడి ఎంతో కొలిచే లోహపు ముక్క, దాన్ని చూసేది నువ్వేనని వినగానే కడుపులో దేవినట్టయింది.

బ్యాటరీ, యాంటెన్నా, వైబ్రేషన్ టెస్టు, అవన్నీ మీ సార్లు చెప్తారు, విను చాలు. ఆర్బిట్ మాత్రం మరీ కిందకి ఒప్పుకోకండి, 2022 ఫిబ్రవరిలో సౌర తుఫానుకి పైగాలి వేడెక్కి ఉబ్బితే, అప్పుడే వదిలిన స్టార్‌లింక్ ఇంటర్నెట్ శాటిలైట్లు 49లో 38 పడిపోయాయి.

ఇక నా సంగతి. నవ్వకు. నాకప్పుడు ఇరవై ఆరేళ్లు, సౌండింగ్ రాకెట్, అంటే పైకెళ్ళి కొలతలు తీసి కిందపడే చిన్న రాకెట్, దాన్లో పెట్టే పరికరాల పని. బెలూన్లు 40 కిలోమీటర్ల దగ్గరే ఆగిపోతాయి, శాటిలైట్ 200 కిందకి దిగితే గాలి లాగేస్తుంది, ఆ మధ్యలో ఏముందో చూడాలంటే రాకెట్టే గతి, అదీ కొన్ని నిమిషాలే. మాగ్నెటిక్ ఈక్వేటర్, అంటే భూమి అయస్కాంత క్షేత్రం నేలకి సమాంతరంగా ఉండే గీత, మన దక్షిణాది మీదుగా పోతుంది కాబట్టే 1963లో కేరళలోని తుంబా నుంచి రాకెట్లు మొదలెట్టారు, అక్కడ 105 కిలోమీటర్ల ఎత్తున పగలంతా తూర్పుకి కరెంటు పారుతుంటుంది.

ప్రయోగం ముందురోజు, ఒకటే ఉక్క. ప్రోబ్ గుండు మీద చిన్న మరక కనబడితే జేబురుమాలు తీసి తుడిచేశా, గోటితో టంగుమని కొట్టి మురిసిపోయా కూడా. ఎవరూ చూళ్ళేదు. రాకెట్ బ్రహ్మాండంగా పోయింది. డేటా గ్రాఫ్ చూస్తే వోల్టేజ్ పెంచేటప్పుడు ఒక గీత, తగ్గించేటప్పుడు ఇంకో గీత, రెండూ ఒకదాని మీద ఒకటి పడాలా, పడలేదు. నా చెమట, జిడ్డు పొరై కెపాసిటర్ లాగా పనిచేసి ఎలక్ట్రాన్ టెంపరేచర్ ఉన్నదానికంటే ఎక్కువ చూపించింది. "ఎవరైనా ముట్టుకున్నారా" అని మా సీనియర్ అడిగితే లేదని తల ఊపేశా. పాపం ఆయన మూడు నెలలు సర్క్యూట్లు విప్పుతూ కూర్చున్నాడు, పిల్లాడికి జ్వరమొచ్చినా ఇంటికెళ్ళకుండా. చివరికి ఏడుస్తూ చెప్పా. తిట్టలేదే! "ఇకనుంచి గ్లోవ్స్ నువ్వే కొను" అన్నాడంతే. తిట్టినా బాగుండేది.

నీది నిమిషాల్లో అయిపోయే పని కూడా కాదు, మన స్రాస్-సీ2 శాటిలైట్ 1994లో ఎగిరి ఏడేళ్లు తిరిగింది, నీ వేలిముద్ర కూడా అలాగే తిరుగుతుంది మరి. ప్రోబ్ లోపల చిన్న హీటర్ పెట్టనిస్తారేమో అడుగు, పైకెళ్ళాక ఆ వేడికి జిడ్డు పోతుంది. సిలికోన్ గమ్ము చుట్టుపక్కలకి రానీకు, వాక్యూమ్‌లో ఆవిరొదిలి దానికే అంటుకుంటుంది. ఒకవేళ చెయ్యి తగిలిందే అనుకో, ఆ రోజే చెప్పెయ్, నాలాగా తల ఊపకు, ఎవరూ కొట్టరు.

నీ చేతి సైజు మెసేజ్ పెట్టు, పౌడర్ లేని నైట్రైల్ గ్లోవ్స్ రెండు డబ్బాలు పంపుతా. మీ అమ్మతో నేను మాట్లాడతాలే. ఆవిడ పంపే అరిసెలు మాత్రం ల్యాబ్ బయట తిను.

మీ మావయ్య