బొరియ లేని నత్త

సందేహం: మా బడి సైన్స్ ప్రదర్శనలో పిల్లలు ఆలివ్ నత్తల గుల్లలు పెట్టి, కింద ‘చిన్న బొరియలు తవ్వే సముద్రపు నత్తల కుటుంబం’ అని రాశారు. ‘బొరియలు తవ్వే’ అనడం నాకు ఎబ్బెట్టుగా ఉంది. ఇంకో టీచరేమో అవి నత్తలు కావు, గవ్వలంటారు. ఏది సరి?
– ఒక ఉపాధ్యాయిని, తిరుపతి

సమాధానం: మీ అనుమానం సరైనదేనమ్మా. బొరియ అంటే లోపల ఖాళీ ఉండి, ప్రాణి వచ్చిపోయే కన్నం. ఎలుకకు ఉంది, ఎండ్రకాయకు ఉంది. ఆలివ్ నత్తకు లేదు. అది పాదం ముందుభాగాన్ని నాగటి కర్రులాగా ఇసుకలోకి దించి, జరుగుతూ జరుగుతూ లోపలికి పోతుంది. వెనకాలే ఇసుక కలిసిపోతుంది. నీళ్లు పీల్చుకునే సన్నటి గొట్టం మాత్రం పైకి ఉంటుంది. తవ్విపోసిన కుప్పా లేదు, మిగిలిన కన్నమూ లేదు.

కాబట్టి ‘ఇసుకలో దూరే’ అనండి. ‘కూరుకుపోయే’ వద్దు, బురదలో బండి కూరుకుపోతుంది, అది బండి కోరుకున్నది కాదు. దూరడం ఇష్టంతో చేసే పని. ఈ నత్త మాంసాహారి. ఎర జాడను వాసనతో పసిగడుతుంది, దొరికినదాన్ని పాదంతో చుట్టి ఇసుకలోకే ఈడ్చుకుపోతుంది. ఇంత పనిమంతురాలిని కూరుకుపోయిందంటే బాగుంటుందా?

ఇక గవ్వ సంగతి. శాస్త్రం ప్రకారం గవ్వ, శంఖం రెండూ సముద్రపు నత్తల గుల్లలే. ‘నత్తలు కావు, గవ్వలు’ అనడం అందుకే నిలవదు. అయితే టీచరు పొరపడటానికి కారణముంది. గవ్వ, ఆలివ్ గుల్ల రెండూ నిగనిగలాడతాయి. బతికున్నప్పుడు నత్త మెత్తటి శరీరమే వాటిని కప్పి ఉంచుతుంది మరి. తిప్పి చూస్తే తేడా తెలుస్తుంది. గవ్వకు అడుగున రెండు వైపులా పళ్లున్న చీలిక. ఆలివ్ గుల్ల పొడుగ్గా ఉండి, ఒక కొసన చిన్న మొన తేలుతుంది. వాడుకలో మెరిసే గుల్లనల్లా గవ్వ అనేస్తాం, తప్పు పట్టను. ప్రదర్శన చీటీ మీద మాత్రం వద్దు. పాత చిత్తూరు జిల్లాకు సముద్రమే లేదు, నత్త అంటే మనకు మడిలో నత్తే. 2022లో ఏర్పడిన తిరుపతి జిల్లాకు సూళ్లూరుపేట వైపు తీరం వచ్చింది, ఇక ఈ తేడాలూ తెలియాలి గదా!

మీరు అడగనిది ఒకటుంది. ‘చిన్న బొరియలు తవ్వే నత్తలు’ అంటే చిన్నవి బొరియలా, నత్తలా? విశేషణాన్ని దాని నామం పక్కనే కూర్చోబెట్టాలి. ‘సముద్రపు ఇసుకలో దూరే చిన్న నత్తల కుటుంబం’ అని చీటీ మార్పించండి.