ఇరాన్ తొలి కెమెరామన్ మీర్జా ఇబ్రహీం ఖాన్‌ని సినిమాటోగ్రాఫర్ అనొచ్చా, లేక రాజుగారి కెమెరా తిప్పిన ఉద్యోగి మాత్రమేనా?

నిస్సందేహంగా అనొచ్చు. ఇరాన్ రాజు ముజఫ్ఫరుద్దీన్ షా ఆస్థానంలో ఆయన అక్కాస్‌బాషీ, అంటే ప్రధాన ఫొటోగ్రాఫర్. షా కెమెరా కొన్నాడు, ఈయన తిప్పాడు అని ఒక్క ముక్కలో తేల్చేస్తే నాకు మనసు ఒప్పదు.

1874లో పుట్టాడు. తండ్రి కూడా ఫొటోగ్రాఫరే. కుర్రవాడిగా ఉన్నప్పుడే తండ్రి వెంట యూరప్ వెళ్లి పని నేర్చుకున్నాడు. 1900 జూలైలో ఫ్రాన్స్‌లోని కోంత్రెక్సెవిల్‌లో షా కదిలే బొమ్మలు చూసి ముచ్చటపడి, ఆ యంత్రాలు కొనమని ఈయనకే పురమాయించాడు. ఆగస్టు 18న బెల్జియంలోని ఓస్టెండ్‌లో పూల పండగ జరిగింది. అలంకరించిన బళ్లలో వెళ్తూ ఆడవాళ్లు షా మీదికి పూలగుత్తులు విసురుతుంటే అక్కాస్‌బాషీ చిత్రీకరించాడని షా తన యాత్రాగ్రంథంలో రాసుకున్నాడు. ఒక ఇరానీ తీసిన తొలి చిత్రంగా చెప్పుకునేది ఇదే.

కెమెరా చేతికొచ్చి అప్పటికి కొద్ది వారాలే! నేను సినిమాటోగ్రఫీ చదువుకునే రోజుల్లో మా మాస్టారు చేత్తో తిప్పే పాత కెమెరా ఇచ్చి ప్రయత్నించమన్నారు. సెకనుకు రెండు చుట్లు, దాదాపు 16 ఫ్రేములు. కదలకుండా కూర్చున్న మనిషిని తీస్తున్నా చెయ్యి బిగుసుకుపోయి వేగం తప్పుతుంది. ఓస్టెండ్‌లో ఆయన ముందున్నవి పరుగెత్తే బళ్లు, గాల్లో పూలు, వాటి మధ్య సాక్షాత్తూ తన ప్రభువు. మళ్లీ తీద్దామంటే కుదరదు.

నన్ను బాగా కదిలించేది ఇంకొకటి. అప్పటికే సినిమాకి ఆద్యులైన ఫ్రాన్స్ లూమియేర్ సోదరుల కెమెరామన్లు ఈజిప్టు, ఇండోచైనా తిరిగి అక్కడి జనాన్ని యూరప్ ప్రేక్షకులకు వింతగా చూపిస్తున్నారు. ఓస్టెండ్‌లో మాత్రం కెమెరా వెనక ఉన్నది ఇరానీ, దాని ముందున్నది యూరప్.

ఆయన తీసినవి సామాన్య ప్రజలు చూడలేదు, రాజకుటుంబమూ ప్రముఖులూ చూశారు. కొన్ని రీళ్లు చాలా ఏళ్ల తర్వాత టెహ్రాన్ గోలెస్తాన్ ప్యాలెస్‌లో బయటపడ్డాయి. ఆయన 1915లోనే పోయాడు.

ఇంకా తెలుసుకోవాలనుంటే తర్వాత ఖాన్‌బాబా మోతజెదీ గురించి చదవండి. ఇరాన్ తొలి కథాచిత్రానికి 1930లో కెమెరా పట్టింది ఆయనే. 1933లో వచ్చిన తొలి పర్షియన్ భాషా టాకీ మాత్రం బొంబాయిలో, అర్దేషిర్ ఇరానీ ఇంపీరియల్ కంపెనీలో తయారైంది. మన హెచ్.ఎం. రెడ్డి 1931లో తెలుగు మాటలు కూడా వినిపించిన ‘కాళిదాస్’ తీసింది ఆ కంపెనీకే.