శకలాలు ఏ వైపు పడ్డాయన్న వాదన నాకు ఎందుకు నచ్చదంటే

1999 ఆగస్టు 10న కచ్ సరిహద్దులో పాకిస్తాన్ నౌకాదళ విమానాన్ని మన మిగ్-21 కూల్చివేయడం సబబేనా, శకలాలు వాళ్ల వైపు కూడా పడ్డాయి కదా, హెచ్చరించి కిందికి దించి ఉండవచ్చు కదా అని మీరు అడిగారు. సబబే అన్నది నా అభిప్రాయం. అయితే అందుకు టీవీ చర్చల్లో చెప్పే కారణాలేవీ నాకు నచ్చవు.

నేను వైమానిక దళంలో ఇరవై ఏళ్లు రాడార్ ఆపరేటరుగా పనిచేసి, సార్జెంటుగా పదవీ విరమణ చేసినవాణ్ని. (ఎన్ని విమానాలు నడిపావని మా ఊళ్లో ఇప్పటికీ అడుగుతూనే ఉంటారు. నడిపేవాడు ఒకడైతే అతనికి దారి చెప్పేవాళ్లు నేల మీద పదిమంది ఉంటారని చెప్పీ చెప్పీ విసుగెత్తి, ఈ మధ్య ‘రెండు’ అని చెప్పి ఊరుకుంటున్నాను.) ఆ సంఘటన జరిగిన రోజున నేను అక్కడ లేను, మరుసటి ఏడాది చలికాలంలో గుజరాత్ సరిహద్దుకు దగ్గరలోని ఒక రాడార్ యూనిట్‌కు బదిలీ అయ్యాను. అప్పటికే అక్కడున్న సీనియర్లు ఆ రోజు గురించి నోరు విప్పేవారు కాదు. కాబట్టి కూలిన విమానం గురించి మీరు పత్రికల్లో చదివిందే నేనూ చదివాను, కానీ అలాంటి నిర్ణయం తీసుకునే గదిలో ఏం జరుగుతుందో మాత్రం నాకు బాగా తెలుసు.

కార్గిల్ యుద్ధం ముగిసి సరిగ్గా పదిహేను రోజులైంది. కరాచీ నుంచి బయలుదేరిన బ్రెగే అట్లాంటిక్, అంటే జలాంతర్గాములను వెతికే రెండు ఇంజిన్ల నిఘా విమానం, కచ్ రణ్ సమీపంలో ఎగురుతుండగా కచ్‌లోని మన నలియా వైమానిక స్థావరం నుంచి మిగ్‌లు లేచాయి. స్క్వాడ్రన్ లీడర్ పి.కె.బుందేలా ప్రయోగించిన ఆర్-60 క్షిపణి తగిలి అది కూలిపోయింది, అందులో ఉన్న 16 మందీ మరణించారు. ఆ వెంటనే రెండు దేశాలూ విలేకరులకు శకలాలు చూపించడం మొదలుపెట్టాయి. గంటకు 500 కిలోమీటర్ల వేగంతో వెళ్లే విమానం సెకనుకు దాదాపు 140 మీటర్లు కదులుతుంది. ఎత్తులో దెబ్బ తిన్న తరువాత అది ఎటు తిరిగి, ఎంత దూరం జారి, ఎన్ని ముక్కలై పడుతుందో ఎవరి చేతుల్లోనూ ఉండదు. అందువల్ల ముక్క ఏ వైపు దొరికిందన్నది ఆ ముక్క ఎక్కడ పడిందో చెబుతుందే తప్ప, విమానం ఎక్కడ ఉండగా దెబ్బ తగిలిందో చెప్పదు. ఈ చిన్న విషయం గుర్తించకుండా ఇరవై ఏళ్లకు పైగా ఇరువైపులా వాదించుకుంటున్నారు.

ఇక టీవీ వాళ్లు పటం మీద సరిహద్దుగా గీసే ఎర్రగీత సంగతి. మేము వాడిన రాడార్ యాంటెన్నా ఒక చుట్టు తిరగడానికి పది సెకన్లు పట్టేది, అంటే తెర మీద విమానాన్ని చూపే చుక్క పది సెకన్లకు ఒకసారి మాత్రమే కనిపించేది. ఈ చుట్టులో గీతకు అటువైపు ఉన్న చుక్క మరుసటి చుట్టులో ఇటువైపు ఉంటుంది. గీత దాటిన క్షణాన్ని మాలో ఎవరూ చూడలేదు, చూడలేరు కూడా. పైగా వంద కిలోమీటర్ల దూరంలో కోణంలో ఒక్క డిగ్రీ తేడా వచ్చినా నేల మీద అది 1.7 కిలోమీటర్ల తేడా అవుతుంది.

డిసెంబరులో ఒక తెల్లవారుజామున, హీటరు ముందు కూర్చున్నా వేళ్లు కొంకర్లు పోతున్న సమయంలో, గుర్తింపు సంకేతం ఏదీ ఇవ్వని చుక్క ఒకటి ఉత్తరం నుంచి నేరుగా మావైపు రావడం మొదలైంది. డ్యూటీ కంట్రోలరు కుడిచేతిలో పై కార్యాలయపు ఫోను పట్టుకుని, ఎడమచేత్తో నన్ను దూరం చెబుతూనే ఉండమని సైగ చేశారు. పద్దెనిమిది, పదహారున్నర, పదిహేను, పదమూడున్నర అని నేను చుట్టుచుట్టుకూ చదువుతున్నాను. అవతల స్థావరంలో సిద్ధంగా ఉంచిన జంట విమానాల్లో పైలట్లు అప్పటికే కూర్చున్నారు. తొమ్మిది అన్నాక వరుసగా రెండు చుట్లు చుక్క కనిపించలేదు. ‘ఎక్కడ?’ అని ఆయన అరిచారు, ‘కనిపించడం లేదు సార్’ అన్నాను. ఆ ఇరవై సెకన్లలో అది సుమారు మూడు కిలోమీటర్లు ముందుకైనా వచ్చి ఉండాలి, వెనక్కైనా మళ్లి ఉండాలి. ఏది జరిగిందో చెప్పవలసినవాణ్ని నేనే, నా ముందు మాత్రం ఖాళీ తెర ఉంది. మూడో చుట్టులో అది వాయవ్యంగా తిరిగి కనిపించినప్పుడు, ఆయన ఫోనులో ఒక్క మాట కూడా మాట్లాడలేక గొంతు సవరించుకోవడం నాకు వినిపించింది.

2015 నవంబరు 24న టర్కీ కూల్చిన రష్యా సుఖోయ్-24 తమ గగనతలంలో ఉన్నది 17 సెకన్లేనని స్వయంగా టర్కీయే చెప్పుకుంది. అంటే మా యాంటెన్నా లెక్కలో రెండు చుట్లు కూడా కాదు.

అందుకే నా దృష్టిలో అసలు గీత సరిహద్దు కాదు, దానికి పది కిలోమీటర్ల వెనుక ఉన్నది. 1991 ఏప్రిల్ 6న భారత్, పాకిస్తాన్ కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం యుద్ధ విమానాలు అవతలి దేశపు గగనతలానికి పది కిలోమీటర్ల కన్నా దగ్గరగా రాకూడదు. నిఘా విమానాలను కూడా ఆ ఒప్పందం యుద్ధ విమానాల కిందే లెక్కించింది. ఆయుధాలు లేని రవాణా విమానాలకు మాత్రం వెయ్యి మీటర్ల వరకు వెసులుబాటు ఇచ్చింది. తమ అట్లాంటిక్ నిరాయుధమైనదనీ, శిక్షణ కోసం వెళ్లిందనీ పాకిస్తాన్ వాదించింది. నిఘా కోసమే తయారైన విమానాన్ని నిరాయుధమన్న ఒక్క కారణంతో సరుకుల విమానంగా లెక్కగట్టడం నాకు మింగుడుపడదు. అడ్డుకోవడానికి వెళ్లిన మన మిగ్ కూడా ఆ పది కిలోమీటర్లలోకి వెళ్లింది కదా అంటారు. నిజమే, దొంగను పట్టుకోబోయినవాడు కూడా గోడ దగ్గరికే వెళతాడు.

‘అంతర్జాతీయ న్యాయస్థానం మనదే న్యాయమని తేల్చింది’ అని వాట్సాప్‌లో ఏటా ఆగస్టులో తిరిగే సందేశం మరో తలనొప్పి. దాదాపు ఆరు కోట్ల డాలర్ల పరిహారం కోరుతూ పాకిస్తాన్ హేగ్‌కు వెళ్లిన మాట వాస్తవం. 2000 జూన్ 21న 14-2 ఓట్లతో న్యాయస్థానం తేల్చింది మాత్రం ఈ వివాదాన్ని విచారించే అధికారం తనకు లేదని. పాకిస్తాన్ వంటి కామన్వెల్త్ సభ్యదేశాలతో వచ్చే వివాదాలను భారత్ ముందే మినహాయించుకోవడం అందుకు ఒక ముఖ్య కారణం. ఎవరిది తప్పన్న ప్రశ్న దాకా విచారణ వెళ్లనే లేదు. ఆ ధర్మాసనంలో భారత్ నియమించిన తాత్కాలిక న్యాయమూర్తి మన జస్టిస్ బి.పి.జీవన్ రెడ్డి గారేనన్నది తెలుగువాళ్లలో ఎంతమందికి గుర్తుందో తెలియదు.

హెచ్చరించి దించడం గురించి. పక్కకు వెళ్లి రెక్కలు ఊపడమే అడ్డగించిన విమానం ‘నా వెంట రా’ అని చెప్పే అంతర్జాతీయ సంకేతం. తాము హెచ్చరించామని, అయినా విమానం దిగలేదని భారత్ అన్నది, పాకిస్తాన్ కాదన్నది. 1965 సెప్టెంబరు 19న ఇదే కచ్ ఆకాశంలో గుజరాత్ ముఖ్యమంత్రి బల్వంతరాయ్ మెహతా ప్రయాణిస్తున్న చిన్న విమానం కూడా రెక్కలు ఊపింది, అక్కడ అది ప్రాణభిక్ష కోరుతూ ఊపిన ఊపు. చూసినప్పటికీ, నేల మీది నుంచి ఆదేశం రావడంతో పాకిస్తాన్ పైలట్ కాల్చివేశాడు. ఆ చిన్న విమానాన్ని నడిపిన మన పైలట్ కుమార్తెకు సంతాపం తెలుపుతూ అతనే 2011లో ఉత్తరం రాశాడు. ఆదేశం ఇచ్చిన గదిలోని వాళ్లెవరి పేర్లూ ఎవరికీ గుర్తులేవు. మేము కూర్చునేదీ అలాంటి గదిలోనే.

ఆ డిసెంబరు ఉదయం రిజిస్టరులో సమయం, దిశ, వేగం రాసి, ‘వెనుదిరిగింది’ అని సంతకం పెట్టి, షిఫ్టు అప్పగించి మెస్‌కు వెళ్లేసరికి పూరీలు చల్లారిపోయి ఉన్నాయి.