ముందు ఎవరి నోరో చెప్పు

చిరంజీవికి ఆశీస్సులు.

ఇంగ్లీషు మాండలికాల ఉచ్చారణను ధ్వనిలిపిలోకి, అంటే పలికిన ధ్వనికో గుర్తు చొప్పున ఉండే లిపిలోకి, ఎత్తి రాసి పంపావు. శ్రద్ధ కనిపిస్తోంది. కానీ ఆ మాటలు ఎవరి నోటివో ఎక్కడా లేదు. ‘బాత్’కి ఒకే అచ్చు ఇచ్చావు. దక్షిణ ఇంగ్లండులో అది దీర్ఘం, నాలుక వెనక్కి జరుగుతుంది. ఉత్తర ఇంగ్లండులో, అమెరికాలో ‘ట్రాప్’లో పలికే అచ్చే. అందుకని పుట నెత్తిన వక్త ఊరూ వయసూ రాయి, చదివి పలికాడో మామూలుగా మాట్లాడాడో కూడా రాయి.

విడి మాటల వెంట పడకు, ఒకే అచ్చు పలికే మాటల కుటుంబాలను పట్టుకో. ధ్వనిశాస్త్రవేత్త జాన్ వెల్స్ 1982లో కిట్, డ్రెస్, ట్రాప్, స్ట్రట్ అంటూ 24 కుటుంబాలు కట్టింది ఇందుకే. ఉత్తర ఇంగ్లండులో స్ట్రట్, ఫుట్ అచ్చులు ఒకటే. స్కాట్లండులో ‘పుల్’, ‘పూల్’ ఒకేలా వినిపిస్తాయి. కెనడాలో లాట్, థాట్ కలిసిపోయాయి. వక్త దగ్గర ఏవి కలిశాయో ముందే తేల్చుకుంటే సగం తప్పులు రావు.

నీ రాతలో పెద్ద లోపం ఏటవాలు గీతలనూ చదరపు బ్రాకెట్లనూ కలిపేయడం. గీతల మధ్య అర్థభేదం తెచ్చే ధ్వనులే రాయాలి. బ్రాకెట్లలో నోరు నిజంగా చేసిన పని రాయాలి. ‘వాటర్’లో గీతల మధ్య అందరికీ టీ గుర్తే. బ్రాకెట్లలో మాత్రం అమెరికా వక్తకు నాలుక కొన ఒక్కసారి తట్టి వదిలే ధ్వని, అంటే కొక్కెం ఆర్ లాంటి గుర్తు, పడాలి. లండన్ కాక్నీ నోట ఆ టకారం గొంతులోనే ఆగుతుంది. దానికి చుక్కలేని ప్రశ్నార్థకం వాడాలి.

‘కార్’ చివరి రకారం స్కాట్లండులో పలుకుతుంది, లండనులో పలకదు. అయితే వెంటనే అచ్చు వస్తే, ‘కార్ ఈజ్’ అన్నప్పుడు, లండనులోనూ తిరిగొస్తుంది. విడి మాటలు మాత్రమే వింటే ఇది చిక్కదు.

మన చెవినీ కనిపెట్టుకుని ఉండు. ఇంగ్లీషు టకారం మామూలుగా మన ‘ట’ కాదు, ‘త’ కాదు. నాలుక కొన పై పళ్ళ వెనక చిగురును తాకుతుంది. ద్రాక్షతీగ, ద్రాక్షసారా అనే రెండు ‘వైన్’లూ తెలుగు లిపిలో ఒకటే. మొదటిదానిలో కింది పెదవి పై పళ్ళను తాకుతుంది, రెండోదానిలో పెదవులు గుండ్రమవుతాయి. ‘పిన్’లో పకారం వెంట ఊపిరి వస్తుంది, ‘స్పిన్’లో రాదు. ఖ, ఘ లాంటి ఒత్తులు తెలిసిన మనకి అది ఇట్టే వినిపిస్తుంది, అయినా పక్కన చిన్న హెచ్ పెట్టడం మరిచావు.

దీర్ఘానికి కోలన్ కొట్టావు. అసలు గుర్తు ఎదురెదురు చిన్న త్రిభుజాలు. కోలన్ కొడితే తర్వాత కంప్యూటరులో వెతికినా దొరకదు. ఊనిక గీత అక్షరానికి ముందు పెట్టాలి.

రెండేసి సెకన్ల ముక్కలుగా విను. మొదటి విడత ఊనిక, రెండో విడత హల్లులు, చివర అచ్చులు. అచ్చులకే ఎక్కువ సమయం ఇవ్వు. మర్నాడు పాత రాత చూడకుండా మళ్ళీ రాయి. రెండూ కలవనిచోట ‘ప్రాట్’ అనే కంప్యూటరు ప్రోగ్రాములో ధ్వని చిత్రం తెరిచి చూడు, ఉచితంగానే దొరుకుతుంది. అప్పటికీ తేలకపోతే రెండు రూపాలూ రాసి, అనుమానమని గుర్తు పెట్టు.

ఈసారి పంపేటప్పుడు రికార్డింగు కూడా జతచెయ్యి.